రంగు నింపని అక్షరాలు

మా వీధి మొగలో ఈమధ్య ఒక కాఫీ కొట్టు తెరిచేరు. తెరిచిన రోజు పొద్దున్న, కొత్త ప్లాస్టిక్కునీ కిరసనాయిలునీ కలిపి ఎండలో ఉడకబెట్టినట్టుండే ఫ్లెక్సీ వాసన మా వసారా దాకా నడిచొచ్చి నేను తాగుతున్న మజ్జిగలోకి దిగింది. కొట్టు పెట్టిన కుర్రాడు పక్కింటివాళ్ల మనవడే. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బోర్డు కింద నిలబెట్టేడు. తలెత్తి చూసేను. ఒక్కో అక్షరం చుట్టూ జంట గీత, ఒక పక్కన నీడ, మధ్యలో మాత్రం ఏమీ లేదు, వెనకాల ఫ్లెక్సీ రంగే కనపడుతోంది.

"రెట్రో ఫాంటండి మామ్మగారూ. అవుట్‌లైను అంటారండి. పాతకాలం బోర్డులు చూసి కంప్యూటర్లో చేసేరండి. ఎంత క్లాసుగా ఉందో చూడండి" అన్నాడు.

"చూసేను నాయనా. చదవడమే కుదర్లేదు" అన్నాను.

వాడు పెద్దవాళ్ల చాదస్తానికి నవ్వే నవ్వొకటి నవ్వి కాఫీ తెప్పించేడు. కాఫీ కూడా అలాగే ఉంది, పైన నురగ, కింద ఏమీ లేదు.

పాతకాలం అంటే వీళ్లకి ఏదో పుణ్యకాలం అనుకుంటారు. అప్పట్లో అందరూ కళాకారులేననీ, బోర్డు రాసేవాడు కూడా తపస్సు చేసి రాసేవాడనీ అనుకుంటారు. ఆ డొల్ల అక్షరాలు అమలాపురంలో ఎలా పుట్టేయో నాకు తెలుసు. అవి మా ఇంట్లోనే పుట్టేయి. మా అమ్మ కుంచె కింద పెట్టేస్తే, మా నాన్నకి రంగు నింపడం చేతకాక పుట్టేయి.

మా నాన్నని ఊరంతా ఆర్టిస్టు సూర్రావు గారు అనేది. ఆ 'ఆర్టిస్టు' ఊరు ఇచ్చిన బిరుదేం కాదు, ఆయనే పెట్టుకున్నాడు, పెట్టుకుని నలుగురి చేతా పిలిపించుకున్నాడు. పెళ్లికి ముందు ఏదో నాటకాల కంపెనీతో రాజమండ్రీ కాకినాడా తిరిగి తెరలకి రంగులు వేసొచ్చేడు. అక్కణ్ణించి ఆయన తెచ్చుకున్న ఆస్తి ఒక పట్టు లాల్చీ, మెడదాకా పెంచిన జుత్తు, మాట్లాడేటప్పుడు కళ్లు అరమోడ్పుగా మూసే అలవాటూను. అందగాడే. ఆ సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

మా ఇల్లు కాలవ గట్టున పెంకుటిల్లు. పెరట్లో కొబ్బరి చెట్ల నీడలో చెక్కలు ఆనించి ఉండేవి. అవిశె నూనె కాగుతున్న వాసన, టర్పెంటైను ఘాటు, దీపపు మసి నూరుతుంటే ముక్కుల్లోకి పోయే నలుపు, వీటన్నిటి మధ్యనించి అమ్మ ఆవపెట్టిన పనసపొట్టు కూర వాసన తోవ చేసుకుని రావాల్సొచ్చేది. మా ఇంట్లో పెరుగన్నం కూడా కాస్త టర్పెంటైను వాసనేసేదని నా స్నేహితురాళ్లు ఎవరూ రెండోసారి భోజనానికొచ్చేవారు కాదు.

పని ఎలా జరిగేదంటే, తెల్లారి చల్లపూట నాన్న స్నానం చేసి, విభూది పెట్టుకుని, చెక్క ముందు నిలబడి, ఉడత తోక వెంట్రుకల కుంచెతో అక్షరానికి అంచు గీసేవాడు. గీత తిన్నగానే వచ్చేది, ఆ మాట కాదనను. ఒక వరస గీసి నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి తన గీతని తనే మెచ్చుకుని, "అక్షరానికి ప్రాణం అంచులోనే ఉంటుంది" అని గోడతో చెప్పి, లాల్చీ తొడుక్కుని కాఫీ హోటలుకి పోయేవాడు. మళ్లీ భోజనాల వేళకే రావడం.

ప్రాణం లేని మిగతా పనంతా అమ్మది. కోక చెంగు నడుముకి దోపుకుని, పీట మీద కూచుని, ఒక కన్ను పొయ్యి మీద పెట్టి, అంచు దాటకుండా, చుక్క కారకుండా, ఒక్కో అక్షరం కడుపు నిండా రంగు పోసేది. అన్నం వార్చి వచ్చి మళ్లీ కూచునేది. అమ్మ పేరు మంగాయమ్మ. ఆ పేరు ఏ బోర్డు కిందా లేదు. బోర్డు కింద మూల 'ఆర్టిస్టు సూర్రావు' అని ఉండేది, ఆ సంతకంలో రంగు కూడా అమ్మే నింపేది.

ఆ అక్షరాలకి అమ్మ సొంత పేర్లు పెట్టుకుంది. 'య'ని నిండుచూలాలు అనేది. 'ణ'ని గంపల కావిడి అనేది. 'స్త్ర' వచ్చిందంటే "ఇదిగో, కాళ్లకి పిల్లలు చుట్టుకున్న తల్లొచ్చింది" అని నవ్వేది. అవి నాతో ఆటకి చెబుతోందనుకునేదాన్ని. ఒకరోజు, నాకు ఆరేళ్లుంటాయేమో, ఆవిడ నింపుతున్న పెద్ద బోర్డు చూపించి "ఇది ఏం కొట్టమ్మా?" అనడిగేను.

"మీ నాన్నకి తెలుసే" అంది, కుంచె ఆపకుండా.

"నువ్వే కదా రాస్తున్నావు?"

"నేను నింపుతున్నాను" అంది.

అప్పుడు తెలిసింది నాకు, అమ్మకి చదవడం రాదని. ఊళ్లో సగం కొట్ల పేర్లు ఆవిడ చేతి మీదుగా పోయేయి, ఒక్కటీ ఆవిడకి తెలీదు. నాన్నకి ఆ విషయం ఎప్పుడైనా తట్టిందా అంటే, తట్టలేదు. కొబ్బరికాయ కొట్టేవాడికి పీచు గురించి ఏం తడుతుంది?

నేను మాత్రం ఆ చెక్కల మీదే అక్షరాలు నేర్చుకున్నాను. బడిలో వెయ్యకముందే 'పచారీ', 'సోడా', 'అంగడి' అని కూడబలుక్కుని చదివేసేదాన్ని. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి కింది వరసలో చిన్నక్షరాలు నింపే పని నాకొచ్చింది. అచ్చనగాయలకి రమ్మని ఆడపిల్లలు వీధిలోంచి పిలుస్తుంటే వేళ్లకంటిన రంగు ఇసకతో తోముకుంటూ పరిగెట్టేదాన్ని. నా గోళ్లు చూసి "ఇవాళేం కొట్టే? ఎర్రగా ఉంది, మిఠాయి కొట్టా?" అని ఏడిపించేవారు.

ఐదో క్లాసు పాసైన ఏడాది వేసవిలో మా పంతులమ్మ గారు ఇంటికొచ్చేరు. "సూర్రావు గారూ, పిల్ల బాగా చదువుతోందండి. హైస్కూల్లో ఫస్టు ఫారంలో వెయ్యండి" అన్నారు.

నాన్న ఆవిడకి తాంబూలం ఇప్పించి, "తప్పకుండానండి! ఆడపిల్ల చదువే కదండీ ఇప్పుడు దేశానికి కావాల్సింది!" అంటూ వాకిలి దాకా సాగనంపేడు. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే లోపలికొచ్చి, "ఫారాలూ లేవు, గీరాలూ లేవు. అది బడికి పోతే చిన్నక్షరాలు ఎవరు నింపుతారు?" అన్నాడు. ఆయన అభిప్రాయాలు రెండు జతలుండేవి, వీధిలోకి కట్టుకెళ్లేవి కొన్ని, ఇంట్లో కట్టుకునేవి కొన్ని.

అమ్మ అప్పుడు ఒక సోడా కొట్టు బోర్డు ముందు కూచునుంది. చేతిలో ఉన్న అక్షరం పూర్తి చేసింది. మధ్యలో వదలడం ఆవిడకి చేతకాదు. కుంచె టర్పెంటైనులో కడిగి, గుడ్డతో తుడిచి, చూరులో దోపింది.

"ఇంక నేను ముట్టనండి" అంది.

"ఏంటి ముట్టవు?"

"రంగు. పిల్ల బడికెళ్లే దాకా ముట్టను. దాన్నీ ముట్టనివ్వను."

నాన్న పగలబడి నవ్వేడు. "నువ్వు ముట్టకపోతే ఊళ్లో కొట్లు మూసేస్తారనుకున్నావా?" అని, పంచె ఎగ్గట్టి, తనే పీట మీద కూచున్నాడు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్లముందుంది. ప్రాణమంతా అంచులోనే ఉంటుందని చెప్పిన మనిషికి ఆ అంచు లోపల ఉండటం చేతకాలేదు. మొదటి అక్షరం దాటి రంగు బయటికి పోయింది. తుడిస్తే ఇంకా పోయింది. రెండోదానికి కారిపోయింది. మూడోదానికి కాళ్లు తిమ్మిరెక్కి లేచి చెక్కని తన్నేడు. మా మామ్మ, నాన్నని కన్నతల్లి, వసారాలో వత్తులు చేసుకుంటూ, "ఒరే సూర్రావూ, అక్షరాలకి అన్నప్రాశన చేస్తున్నావేవిట్రా, మూతంతా పూస్తున్నావు" అంది. నాన్న టర్పెంటైను గుడ్డ తీసుకుని, తను పూసిందీ అమ్మ నింపిందీ కలిపి, లోపలి రంగంతా తుడిచేసేడు. అంచులు మిగిలేయి. అవి కూడా వెలవెలబోతుంటే పక్కన ఒక నీడ గీసేడు.

అప్పుడే సోడా కొట్టతను వచ్చేడు. "ఏవండీ, ఇంకా నింపలేదా అండీ?" అన్నాడు.

నాన్న కళ్లు అరమోడ్చి, "నింపడం పోయిందండి. ఇప్పుడు బొంబాయిలో ఇదే పద్ధతి" అన్నాడు. నాన్న బొంబాయిని ఎన్నడూ చూడలేదు, గోదావరి దాటి ఆయన వెళ్లిందే తక్కువ.

"ఆయ్!" అన్నాడు సోడా కొట్టతను, కళ్లు పెద్దవి చేసి. అలా ఆ 'ఆయ్'తో ఊరు బొంబాయి అయిపోయింది.

ఆ తరవాత జరిగింది తలుచుకుంటే నాకు మనుషుల మీద ఇప్పటికీ గౌరవం కలగదు. సోడా కొట్టు బోర్డు ఎక్కిన వారానికి దర్జీ వచ్చి తన బోర్డు చెరిపి బొంబాయి అక్షరాలు రాయమన్నాడు. దర్జీ రాయించేడని మంగలి, మంగలి రాయించేడని మందుల కొట్టు. నిగనిగలాడే నల్లటి అక్షరాలు, అమ్మ ఏళ్ల తరబడి కడుపు నింపిన అక్షరాలు, ఒక్కొక్కటే గీకించుకుని డొల్ల చేసుకున్నారు. బోర్డు కింద నిలబడి "ఎంత గాలాడుతోందో చూడండి అక్షరం!" అని మెచ్చుకునేవారు. ఏం రాసుందని ఎవరూ అడగలేదు. దసరాల్లో క్లబ్బువాళ్లు నాన్నకి శాలువా కప్పేరు. నాన్న ఆ శాలువా కాఫీ హోటలుక్కూడా కప్పుకెళ్లేవాడు, ఆశ్వయుజం ఎండలో, చెమటలు కారుతుంటే.

"లోపల ఏం లేదని బోర్డు కట్టుకుని మరీ చెప్పుకుంటున్నారే! పోన్లే, నిజవైనా చెబుతున్నారు" అనేది మా మామ్మ.

అమ్మ పంతం ఓడిపోయింది, అందరికీ తెలుసు. పని మానేస్తే ఆయన దిగొస్తాడనుకుంది, ఆయన గొప్పవాడై కూచున్నాడు. జూన్‌లో బళ్లు తెరిచేరు, నా ఈడు పిల్లలు ఇద్దరు కాలవ గట్టు మీంచి పుస్తకాలు గుండెకి హత్తుకుని, గొడుగు కింద ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ పోయేవారు. వానకి కొబ్బరాకుల మీంచి నీళ్లు ధారలు కడుతుంటే నేను వసారాలో కూచుని చింతపండు పొట్లం కాయితాలు విప్పి, ఆ జిగురు మరకల మధ్య ఉన్న ముక్కలు చదువుకునేదాన్ని. పైకి చదవమనేది అమ్మ. సగం వార్త ఉండేది, మొదలు ఉంటే చివర ఉండేది కాదు. "తరవాతేవైందే?" అనేది. "చిరిగిపోయిందమ్మా" అంటే, "సరే, రేపు బెల్లం పొట్లం చూద్దాం" అనేది, అది తరవాయి భాగవైనట్టు.

ఆ ఏడు అట్లతద్దికి తెల్లవారుజామునే చద్దన్నంలో గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ కలిపి తిని, కొబ్బరి మోకులతో కట్టిన ఉయ్యాలలూగి, చీకటి విడీ విడకుండానే ఆడపిల్లలం వీధులన్నీ తిరిగేం. హైస్కూలు పిల్లలు ఇంగ్లీషు అక్షరాలు ఇసకలో వేలితో రాసి నాకు చూపించేరు. నేనూ రాసేను, వాళ్లకంటే తిన్నగా వచ్చేయి, కానీ ఏం రాసేనో నాకు తెలీదు. అమ్మ ఇన్నేళ్లూ ఎలా బతికిందో ఆ ఇసకలో నాకు అర్థమైంది. ఇంటికొచ్చి ఏడిచేను. అమ్మ నా వేళ్లకున్న ఇసక దులిపి అట్టు పెట్టింది.

ధనుర్మాసంలో అమ్మ పెట్టే ముగ్గు చూడ్డానికి వేరే వీధులవాళ్లు వచ్చేవారు. అందరూ గీతల ముగ్గు పెడితే, ఆవిడ ఇటిక పొడీ పసుపూ ఆకు పొడీ తెచ్చి గళ్లన్నీ నింపేసేది. ఆ ఏడాది మరీను, వేలు పెట్టే చోటు కూడా ఖాళీ వదల్లేదు. నాన్న లాల్చీ పైకెత్తి పట్టుకుని, ఆ రంగులు తొక్కకుండా గోడవారనే నడిచి కాఫీ హోటలుకి వెళ్లేవాడు.

వేసవి వచ్చింది, మామిడికాయ ముక్కలు ఎండలో పెట్టే రోజులూ, పెళ్లిళ్ల రోజులూ. బజారులో అన్నిటికంటే పెద్ద బట్టల కొట్టు భద్రయ్య గారిది. పెద్దమనిషి, హైస్కూలు కమిటీలో కూడా ఉండేవారు. ఆయనా దసరాల్లోనే బొంబాయి అక్షరాలు రాయించుకున్నారు, ఇలవేల్పు పేరు, దాని పక్కన కొట్టు పేరు, వీధి ఈ కొసనించి ఆ కొసకి. పెళ్లి బట్టలకి లంక గ్రామాలనించి, సఖినేటిపల్లి వైపునించి పడవల మీద వచ్చేవాళ్లు "భద్రయ్య గారి కొట్టేదండీ?" అని ఆ బోర్డు కిందే నిలబడి అడిగి, కనపడక, ఎదురుగా లావుపాటి నల్లక్షరాలు కనపడే కొట్లోకి పోతున్నారు. ఎదుటి కొట్టతను పిసినారి, కొత్త బోర్డు రాయించుకోలేదు, అదే అతన్ని కాపాడింది.

భద్రయ్య గారు నాన్నని పిలిచి రంగు నింపమన్నారు. "నా అక్షరంలో రంగు పొయ్యమనడం సరస్వతీదేవికి మసి పూయమనడవేనండి" అన్నాట్ట నాన్న. చేతకాదని చెప్పడానికి అంతకంటే గొప్ప మాట నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు ఆయన, నాన్న లేని వేళ చూసి, మా ఇంటికొచ్చి వసారాలో కూచున్నారు. అమ్మ తలుపు చాటున నిలబడింది.

"అమ్మా, ఇదివరకు నింపింది మీరేనని నాకు తెలుసండి. ఆ కాస్తా రంగు వేయించండి, పెళ్లిళ్లు దాటిపోతున్నాయి. ఏం పుచ్చుకుంటారో చెప్పండి" అన్నారు.

"నాకేం ఇవ్వక్కర్లేదండి. మా పిల్లని ఫస్టు ఫారంలో వేస్తానని ఆయన చేత అనిపించండి" అంది అమ్మ. మళ్లీ తనే, "ఇంట్లో కాదండి. నలుగురి ముందు" అంది.

భద్రయ్య గారు కండువాతో మొహం తుడుచుకుని చిన్నగా నవ్వేరు. "ఆయ్. అర్థవైందమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున్న చూరులోంచి కుంచె తీసింది అమ్మ. కోక గోచీ పోసి కట్టుకుంది. నేను రంగు ముంతలు పట్టుకున్నాను. బజారు మధ్యలో పట్టపగలు, మగవాళ్లంతా చూస్తుండగా, మా అమ్మ వెదురు నిచ్చెన ఎక్కింది. మా ఊళ్లో ఆడవాళ్లు వరి చేలో వంగొచ్చు, తలమీద కొబ్బరి గంపలు మొయ్యొచ్చు, పడవలోంచి బస్తాలు దింపొచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే అవన్నీ కిందికి వంగే పనులు. పైకెక్కేసరికి మాత్రం అందరి మర్యాదలకీ దెబ్బ తగిలింది. తమలపాకుల కొట్టు దగ్గర ఈలొకటి వినిపించింది. "ఆర్టిస్టు గారింటావిడండోయ్!" అన్నాడెవడో. అమ్మ తల తిప్పలేదు. నిచ్చెన మాత్రం కొంచెం వణికింది. నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

ఇలవేల్పు పేరు నింపింది. 'వ' నింపింది. కాళ్లకి పిల్లలు చుట్టుకున్న తల్లిని నింపింది. రంగు పడ్డాక అక్షరాలు గోడమీంచి లేచొచ్చినట్టు కనపడ్డాయి. తరవాతి అక్షరానికి కుంచె పెట్టబోతుంటే నేను కిందినించి చదువుకుంటూ ఆగిపోయేను. మళ్లీ చదివేను.

"అమ్మా, ఆగు!" అని అరిచేను.

భద్రయ్య గారు కొట్లోంచి బయటికొచ్చేరు. "ఏవైందమ్మా?"

"తప్పండి. వస్త్రాలయం అనాలండి. ఇక్కడ దీర్ఘం 'స్త్ర'కి లేదండి, 'ల'కి ఉందండి. వస్త్రలాయం అనుందండి."

ఒక్క క్షణం ఎవరికీ ఎక్కలేదు. తరవాత తమలపాకుల కొట్టువాడికి ఎక్కింది. "లాయం! బట్టల లాయం!" అని పడీపడీ నవ్వేడు. ఆ నవ్వు బజారంతా పాకింది. దసరాలనించి అదే బోర్డు కింద తిరుగుతున్న జనం, ప్లీడర్లూ మేష్టర్లూ కూడా, 'ఎంత గాలాడుతోందో' అని మెచ్చుకున్న జనం, గుర్రాల్ని కట్టేసే చోట పెళ్లి చీరలు కొనుక్కున్నారన్న మాట. అందరూ చూసేరు, ఒక్కడూ చదవలేదు.

నవ్వులు విని కాఫీ హోటల్లోంచి నాన్న వచ్చేడు. నిచ్చెన మీద పెళ్లాన్ని చూసేడు, బోర్డు చూసేడు, జనాన్ని చూసేడు. ఆయన మొహంలో రంగు ఒకటి పోయి ఒకటి రావడం నేను దగ్గరనించి చూసేను. పారిపోతాడనుకున్నాను. నాన్నని నేను ఇంకా తక్కువ అంచనా వేసేననే చెప్పాలి. కళ్లు అరమోడ్చి, "రెండో కోటు వేయిస్తున్నానండి. తప్పులేవైనా ఉంటే ఇప్పుడే కదండీ దిద్దుకునేది. అందుకే మా అమ్మాయిని కింద నిలబెట్టేను, చదువుకుంది కదా" అన్నాడు.

భద్రయ్య గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేటట్టు, "అయితే సూర్రావు గారూ, అమ్మాయిని ఫస్టు ఫారంలో వేస్తున్నట్టేనా అండీ?" అన్నారు.

"నేనెప్పుడు కాదన్నానండీ!" అన్నాడు నాన్న, ఆశ్చర్యపోతూ. "మా ఇంట్లో ఆడవాళ్లకే భయం, ఇంత చదువెందుకని. రేపే తీసుకెళ్లి వేసేద్దామనుకుంటున్నాను."

అమ్మ నిచ్చెన మీంచి ఒక్కసారి కిందికి చూసింది. నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. "ఆ కొక్కెం ఎక్కడ పెట్టాలో చెప్పవే" అంది నాతో. చెప్పేను. 'ల' నెత్తిమీదున్న దీర్ఘం గీకి తుడిచి, వెనకటి అక్షరం పక్కన కొత్తది వేసింది. అంచు లేకుండా, నేరుగా నిండు రంగుతో. బోర్డు మీద ఆవిడ తన చేత్తో మొదలుపెట్టి ముగించిన మొదటి గీత అదే.

ఆ జూన్‌లో హైస్కూల్లో చేరేను, ఏడాది వెనకబడి. పొట్లం కాయితాలు మానేసి సాయంత్రాలు నా వాచకం ముందు పెట్టుకుని అమ్మ చదువు మొదలుపెట్టింది. అక్షరాల ఆకారాలన్నీ ముందే వచ్చు కాబట్టి, వాటి పేర్లు నేర్చుకోవడం ఎంతసేపు? రెండు వానాకాలాలు తిరిగేసరికి కూడబలుక్కోకుండా చదివేది. డొల్లక్షరాలు ఒక్కొక్కటే మళ్లీ నిండేయి, సిగ్గుపడి కొందరు, ఎదుటివాడు నింపేడని కొందరు. నాన్న ఎప్పుడూ నన్ను తప్పులు చూడమని అడగలేదు. కొత్త బోర్డుకి సుద్దతో రాసుకున్న పలక వసారాలో నా పుస్తకాల పక్కన మర్చిపోయినట్టు వదిలేసి స్నానానికి పోయేవాడు. తిరిగొచ్చేసరికి దిద్ది ఉండేది. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. ఆయన మీద నాకేవైనా జాలి కలిగిందంటే ఆ పలక చూసినప్పుడే.

నేను టీచరయ్యేను. నాన్న చనిపోయినప్పుడు ఊళ్లో కళాకారులు సంతాపసభ పెట్టేరు. ఆ కాలంలోనే కూతుర్ని హైస్కూలుకి పంపిన అభ్యుదయవాది అని ఒకాయన, మన ఊరికి బొంబాయి అక్షరం తెచ్చిన భగీరథుడని ఒకాయన చాలాసేపు మాట్లాడేరు. వేదిక మీద గుడ్డకి నాన్న పేరు రాసి కట్టేరు, ఆయన గౌరవార్థం అంచు గీతలతోనే. ముందు వరసలో కూచున్న అమ్మ ఆ పేరు పైకి చదివింది.

"నింపలేదే" అంది. పక్కనున్నవాళ్లు తిరిగి చూసేరు. "ఆఖరికి ఆయన పేరు నింపడానికి కూడా దిక్కు లేకపోయింది" అంది. ఆ మాటన్నాకే, ఆయన పోయాక మొదటిసారి, ఏడ్చింది.

ఇప్పుడు ఆ బజార్లో భద్రయ్య గారి కొట్టు లేదు, ఫోన్లు అమ్మే కొట్లు వచ్చేయి. మా పాతింటి వసారా పడగొట్టినప్పుడు బోర్డు చెక్కలు ఎవరో శ్లాబుకి సెంట్రింగుగా వాడేసుకున్నారట. కాలవలో పడవలు లేవు, నీళ్లు ఉన్నాయో లేదో గుర్రపుడెక్క కింద కనపడవు. అవిశె నూనె అడిగితే గుండెకి మంచిదని చిన్న సీసాలో ఇస్తున్నారు. అట్లతద్దికి వీధిలో చీకటి ఉండదు, పిల్లలూ ఉండరు.

అమ్మకి చివరి రోజుల్లో నాతో బజారుకి రావడం సరదాగా ఉండేది. కొనడానికేం కాదు. రిక్షా మెల్లిగా తొక్కమని చెప్పి, రెండు పక్కలా ఉన్న బోర్డులన్నీ పైకి చదువుకుంటూ వెళ్లేది, ఊరి పేరూ, ఫోను నంబరూ, 'మా వద్ద అన్ని రకముల' అన్నదాకా, ఒక్క ముక్క వదలకుండా. నేనిప్పుడు ఒక్కదాన్నే ఆ వీధిలో నడుస్తాను. బోర్డులు అప్పటికంటే పదింతలున్నాయి. నేనూ పైకే చదువుతాను. ముసలావిడకి మతి పోయిందని జనం నవ్వుకుంటూ పోతారు. తలెత్తి బోర్డు చూడనివాళ్ల నవ్వు నాకేం పట్టదు. ఆగి, వీధి చివరిదాకా చదివి, అప్పుడు ఇంటికొస్తాను.